ఎంగిలిగాలి

గాలిమిట్టలో గాలి లేచిందని గాలికొమ్ము మోగుతుండగా మేదిని బస్సు దిగింది. ఆ ఊరికి రావడానికి అంతకన్నా చెడ్డ సమయం ఉండదు. గాలివేళ మొదలైందంటే అక్కడ ఎవరికీ చుట్టాలు కనిపించరు, ఆఫీసర్లు అసలే కనిపించరు. పిండిమర దగ్గర ఆడవాళ్లు రాగుల సంచులు దింపుతున్నారు. బోర్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. ఇస్త్రీ దుకాణం ముందు మనుషులు బారులు తీరారు. బడిలో లెక్కలు ఆపి పిల్లల్ని రంపం యంత్రాల దగ్గరికి తోలారు. గాలి ఉన్నంతసేపూ పనులు, గాలి పడిపోయాకే భోజనాలు, పెళ్లిమాటలు, పంచాయితీలు. ఊళ్లో గడియారాలు లేక కాదు, వాటిని బస్సు కోసం మాత్రమే చూస్తారు.

"హంపమ్మగారి ఇల్లు ఎక్కడండి?" అని మేదిని పిండిమర దగ్గర ఒకామెను అడిగింది.

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ మిట్ట మింద చూడు. మొగం తిప్పుకోని ఉండాది ఒక మర. అదే."

మేదిని చూసింది. ఆషాఢమాసపు గాలి నైరుతి నుంచి కొడుతోంది. మిట్ట మీద ఇంటికొకటి చొప్పున ఉన్న కరెంటు గాలిమరలన్నీ అటే చూస్తున్నాయి. ఒక్కటి మాత్రం, గ్రూపు ఫొటోలో అలిగినవాడిలా పక్కకు చూస్తోంది. దాని సంగతి తేల్చడానికే పొందిక కార్యాలయం మేదినిని పంపింది.

హంపమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. మర మొదట్లో అరుగు మీద కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. ఇంట్లో ఒలిచే యంత్రం ఉంది. గాలివేళలో చేత్తో ఒలుచుకుంటున్నది ఊరంతటికీ ఆమె ఒక్కతే. అది పొదుపు కాదు, కోపం.

"నమస్కారమండి. పొందిక కార్యాలయం నుంచి వచ్చాను. నా పేరు మేదిని."

"అండీ గిండీ అంటాండావు. గోదారి పిల్లవా?"

"అవునవ్వా."

"కూర్చో. నా మరకు మెడ పట్టిందా, లేకుంటే ఎవురన్నా పట్టించినారా? ముందు అది చెప్పు."

"ఏమీ పట్టలేదు. పొందికే తిప్పింది."

"ఏమిటికి?"

ఈ ప్రశ్నకు మేదిని చాలా ఊళ్లలో జవాబు చెప్పింది. మొదట్లో, కరెంటు అన్నిటికన్నా ఎక్కువ వచ్చే శిఖరాన్ని ఏ మరకామరే వెతుక్కునేది. గాలి ఒక్క తీరున ఉండదు కాబట్టి, రెక్కలు ఎంత వేగంగా తిరిగితే ఎక్కువ కరెంటు వస్తుందో ముందే చెప్పడం కష్టం. అందుకని మర వేగాన్ని కాస్త పెంచి చూస్తుంది. కరెంటు పెరిగితే ఇంకాస్త పెంచుతుంది, తగ్గితే వెనక్కి వస్తుంది. చీకట్లో గుట్ట ఎక్కేవాడు కాలితో తడిమి ఎత్తు ఎటుందో కనుక్కున్నట్టే. రెక్కల వాలును, మర ముఖాన్ని సరిచూసుకోవడం కూడా అలాగే. దీనికి శిఖరవేట అని పేరు.

చిక్కల్లా వెనక వరుస మరలతో వచ్చింది. ముందున్న మర గాలిలోని బలాన్ని పీల్చుకుంటే వెనకదానికి నలిగిన గాలి మిగులుతుంది. కార్యాలయం దానికి వెనుగాలి అని చక్కని పేరు పెట్టింది. జనం ఎంగిలిగాలి అన్నారు. జనం పెట్టిన పేరే నిలిచింది, దాని వెంట తగాదాలూ వచ్చాయి. అప్పుడు మరలన్నిటినీ కలిపి నడిపే పొందిక అనే యంత్రాన్ని తెచ్చారు. అది ఒక్కో మరను విడిగా చూడదు, ఊరి మొత్తాన్ని చూస్తుంది. ముందు మరను కాస్త పక్కకు తిప్పితే దానికి కొంత నష్టం. కానీ దాని వెనుగాలి పక్కకు జరిగిపోయి, వెనక మరకు తాజా గాలి తగులుతుంది. మొత్తం మీద లాభమే. వచ్చిన కరెంటును ఇంటింటికీ సమానంగా పంచుతారు.

"చిన్నప్పుడు కాకెంగిలి తిన్నారా అవ్వా?" అని అడిగింది మేదిని. అన్ని ఊళ్లలోనూ ఆమె ఇదే అడుగుతుంది, అన్నిచోట్లా పనికొస్తుంది.

"తినకుండా ఉంటామా? జామకాయ మింద పావడ అంచు గప్పి కొరికితే అది ఎంగిలి గాదు. సగం నాకు, సగం మా తమ్మునికి."

"ఇదీ అంతే. వెనక మరకు ఎంగిలి తగలకుండా మీ మర పక్కకు జరిగి నిలబడింది."

హంపమ్మ చేతులు ఆగిపోయాయి. ఒళ్లోని పొట్టు గాలికి లేచిపోతున్నా పట్టించుకోలేదు.

"వెనక ఉండేది ఎవురి మరో తెలుసునా నీకు?"

"పద్నాలుగో నంబరు."

"నంబరు గాదు. మా తమ్ముడు ఎర్రిస్వామిది."

అన్నిచోట్లా పనికొచ్చే ఉదాహరణ ఇక్కడ తప్పుచోట తగిలిందని మేదినికి అర్థమైంది. హంపమ్మే చెప్పుకొచ్చింది. తమ్ముడు మర నిలబెట్టిన రోజున బంధువులందరికీ భోజనాలు పెట్టాడు. ఆ విస్తళ్ల దగ్గర ఏదో చిన్న మాట మీద మాట పెరిగింది. "నా ఎంగిలిగాలి తిని బతకబోయేటోడివి, నాకే బుద్ధులు చెప్తావా" అని ఆమె అందరి ముందూ అనేసింది. ఎర్రిస్వామి తింటున్న విస్తరి మడిచేసి లేచాడు. ఏళ్లు గడిచాయి. వీధిలో ఎదురుపడితే కళ్లు కలుస్తాయి, అంతే. మాటల్లేవు.

"నేను అబద్ధం ఏమన్నా చెప్పినానా? గాలి నా మర దాటుకోనే గదా వానికి పోయేది," అంది హంపమ్మ. గొంతులో మాత్రం ఆ ధీమా లేదు. "ఇంగ ఇప్పుడు చూడు. ఊరంతా నా మరను చూసి నవ్వుతాంది. వాడే మీ ఆఫీసులో ఎవురికో చెప్పి తిప్పిచ్చినాడు. అదే నిజమని నువ్వు తేలిస్తే, ఆ కంటిచూపు గూడా వద్దు. నేను పోయినాంక వాన్ని నా గడప తొక్కనీయొద్దని నా కొడుకులకు చెప్పి పోతా."

ఆమె అన్నంత పనీ చేసే మనిషని చూస్తేనే తెలుస్తోంది. మేదిని లేచి మర చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ దగ్గరి కొలత చూసి ఆశ్చర్యపోయింది. ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఈ దూరానికి పది చాలు. చెవిపూస నొక్కి పొందికను అడిగింది.

"హంపమ్మగారి తొమ్మిదో మర అంత పక్కకు ఎందుకు తిరిగింది?"

"అక్కడ ఊరి మొత్తం కరెంటు ఎక్కువగా ఉంది."

"లెక్క ప్రకారం పది దగ్గర ఉండాలి కదా?"

"పది దగ్గర ఒక చిన్న శిఖరం ఉంది. చిన్న శిఖరం మీదే నిలిచిపోకుండా నేను అప్పుడప్పుడు పెద్ద అడుగు వేసి చూస్తాను. ఇరవై అయిదు దాటాక ఇంకా పెద్ద శిఖరం కనబడింది."

"అక్కడ శిఖరం ఎందుకుంది?"

"ఎక్కడ అన్నది నా పని. ఎందుకు అన్నది కాదు."

ఈ జవాబు మేదినికి ఒళ్లు మండించింది, దానితోపాటే కుతూహలాన్నీ రేపింది. ఆకలి సంగతి మరిచిపోయేంత కుతూహలం ఆమెకు ఉద్యోగంలో అరుదుగా కలుగుతుంది. ఎవరైనా కార్యాలయంలో చెప్పి కోణం మార్పిస్తే పొందిక ఆ సంగతి దాచదు. కాబట్టి ఎర్రిస్వామి ఎవరికీ చెప్పలేదు. మరి ఏ శాస్త్రంలోనూ లేని ఈ రెండో శిఖరం ఎక్కడి నుంచి వచ్చింది? పెట్టి చూస్తే తప్ప తెలియదు.

"అవ్వా, కాసేపు మీ మరను గాలికి ఎదురుగా పెడతాను."

మర మెడ నెమ్మదిగా మూలిగి తిరిగింది. రెక్కలు జోరందుకున్నాయి. హంపమ్మ ముఖం వికసించింది. తొమ్మిదో మర రాబడి పెరిగింది. మేదిని మాత్రం దిగువకు చూస్తోంది. అక్కడ, వాలులో, పద్నాలుగో మర వేగం తగ్గి, ఇంకా తగ్గి, పూర్తిగా ఆగిపోయింది.

ఎంగిలిగాలి మరను మందగింపజేస్తుంది గానీ ఆపదు. మేదిని తొమ్మిదో మరను అలాగే ఉంచి గబగబా కిందికి దిగింది.

ఎర్రిస్వామి తన మర మొదట్లో నిలబడి ఉన్నాడు. తెల్లమీసాల పెద్దమనిషి. ఇస్త్రీ మడతలు చెదరని చొక్కా. కుడిచేయి చేతికళ్లెం మీద ఉంది. ప్రతి ఇంటిమరకూ ఇలాంటి కళ్లెం ఒకటి ఉంటుంది. మర ఆపుకోవడం ఇంటివాళ్ల ఇష్టం, ఎందుకు ఆపావని అడిగే హక్కు పొందికకు లేదు.

"పెద్దాయనా, మర ఎందుకు ఆపారండి?" అని అడిగింది మేదిని. ఆమె పొందిక కాదు కదా.

అతను మిట్ట పైకి చూపించాడు. "చూసినావా? మళ్లా ఎదురు తిప్పింది."

"ఎవరు?"

"మా అక్క."

అరుగు మీద ఒక స్టీలు డబ్బా గుడ్డలో మూటకట్టి ఉంది. అందులోంచి అలసంద వడల వాసన వస్తోంది. అతను ఆ మూట వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఆమె మర నా గాలికి అడ్డంగా నిలబడినప్పుడల్లా నాది ఆపేస్తా. ఊరికి నష్టమేలే, నాకు తెలియక గాదు. ఆ గాలికి నా మర తిరగతాంటే ఆ మాట మళ్లా చెవుల్లో ఇనబడతాది. ఈ ఆషాఢం మొదట్లో ఒగనాడు చూద్దును గదా, అక్క మర పక్కకు తిరిగుండాది. మర్సటి దినమూ అంతే. మా అక్క నోటితో మాట వెనక్కి తీసుకునే మనిషి గాదు పాపా. ఆమె సంగతి నాకు తెలుసు. మరతో తీసుకున్యాది అనుకున్యా." అతను చొక్కా అంచు సవరించుకున్నాడు. "ఈ పొద్దు పోదామని తయారైతి. చొక్కా ఇస్త్రీ చేయించుకున్యా. గడప దాటేలోపల ఇది."

మేదిని ఆ డబ్బా మూట వైపు చూసింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మనిషి గడప దాటబోతుంటే అడ్డంపడింది తానే.

"ఇప్పుడు తిప్పింది మీ అక్కగారు కాదండి. నేనే. పరీక్ష కోసం తిప్పాను."

"నువ్వా?"

"నేనే."

ఎర్రిస్వామి ఆమెను కిందికీ మీదికీ చూశాడు. మీసాల కింద నవ్వు మొదలైంది. కళ్లెం మీద చేయి తీసేశాడు. రెక్కలు ఒకసారి ఊగి, తిరగడం మొదలుపెట్టాయి.

"అక్క గాదు గదా. అంతే చాలు. ఇంగ దీని మింద చెయ్యి పెట్టను పాపా. ఏ గాలన్నా రానీ."

అంతకుముందు తిప్పింది కూడా అక్క కాదని మేదిని చెప్పాల్సింది. నోరు రాలేదు. మిట్ట ఎక్కుతూ తనను తాను తిట్టుకుంది. సగం దారిలో చెవిపూస నొక్కింది.

"పద్నాలుగో మర కళ్లెం లాగడం నీకు తెలుసా?"

"తెలుసు. కారణం అడిగే హక్కు నాకు లేదు. కళ్లెం లాగడాన్ని నేను వాతావరణంలో భాగంగా లెక్కిస్తాను."

మేదిని దారిలోనే ఆగిపోయింది. రెండో శిఖరం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. పది డిగ్రీలు తిరిగిన మర కింద నుంచి చూసేవాడికి ఎదురుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇరవై అయిదు దాటితేనే, పక్కకు తిరిగిందని మనిషి కన్ను ఒప్పుకుంటుంది. కన్ను ఒప్పుకుంటే చేయి కళ్లెం లాగదు. అక్కా తమ్ముళ్ల సంగతి ఏమాత్రం తెలియని యంత్రం, తడుముకుంటూ తడుముకుంటూ పోయి, ఒక మనిషి అభిమానం ఎన్ని డిగ్రీల దగ్గర చల్లారుతుందో కనిపెట్టింది. మేదినికి ముచ్చటేసింది. వెంటనే భయమూ వేసింది.

"ఇక మీదట ఆ కళ్లెం ఎవరూ లాగరనుకో. అప్పుడు తొమ్మిదో మర ఎక్కడుంటుంది?"

"నాలుగైదు గాలివేళల్లో పది దగ్గరికి తిరిగి వస్తుంది."

అంటే, తమ్ముడు నమ్మి కళ్లెం వదిలేసినందువల్లనే అక్క మర మళ్లీ ఎదురు తిరుగుతుంది. కింద నుంచి అతను చూస్తాడు. మాట వెనక్కి తీసుకున్న అక్క ఆ మాటను మళ్లీ అన్నదనుకుంటాడు. ఆ తర్వాత ఇంకే ఇస్త్రీ చొక్కా ఉండదు.

మేదిని హంపమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. ముసలామె శనక్కాయలు ఒలుస్తూనే వింది. చొక్కా సంగతి దగ్గర మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అయితే వాడు నేనే తిప్పినా అనుకుంటాండాడు."

"అవునవ్వా. ఇప్పుడు మరను పొందికకు వదిలేస్తే తనంతట తానే పక్కకు తిరుగుతుంది, నాలుగైదు రోజులు అలాగే ఉంటుంది. ఈలోపల ఆయన వస్తారు. మీరు ఏమీ చెప్పకపోయినా..."

"ఏమీ చెప్పకుండా, చెయ్యని పని చేసినట్ల కూర్చోనా?" హంపమ్మ లేచి నిలబడింది. ఒళ్లోని శనక్కాయలు అరుగంతా దొర్లాయి. "మర మెడ తిప్పే చక్రం యాడ ఉండాది?"

"అవ్వా, అది అంత తేలిక కాదు. కళ్లెం లాగితే ఎవరూ అడగరు. మెడ తిప్పితే గాలి పక్కవాళ్ల మీదికి పోతుంది కాబట్టి ఊరందరికీ కారణం చెప్పాలి. కొమ్ములోంచి అడుగుతుంది. ఊరి మొత్తం కూడా తగ్గుతుంది."

"యాడ ఉండాదంటే?"

మేదిని చూపించింది. మర మొదట్లో తుప్పు పట్టిన తలుపు వెనక ఉంది చక్రం. దాన్ని ఎవరూ తిప్పిన దాఖలా లేదు. హంపమ్మ కొంగు నడుముకు బిగించి రెండు చేతులా పట్టుకుంది. మొదట కదల్లేదు. మేదిని చేయి వేయబోతే మోచేత్తో నెట్టేసింది. తర్వాత కిర్రుమంది. పైన, గాలికి ఎదురుగా జోరు మీదున్న మర, ఒక్కో జానెడూ ముఖం తిప్పడం మొదలుపెట్టింది. చెమట ఆమె కళ్లలోకి కారుతోంది. మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్లీ పట్టుకుంది. ఇరవై ఎనిమిది దగ్గర ఇక చాలని మేదిని చెబితే, చూసి, ఇంకొంచెం తిప్పి, చక్రం వెనక్కి తిరగకుండా కొక్కెం వేసింది.

గాలికొమ్ము మోగింది. పిండిమర దగ్గరా, బడి దగ్గరా, ఇస్త్రీ దుకాణం దగ్గరా ఒకే గొంతు మర్యాదగా పలికింది.

"తొమ్మిదో మర ముఖం యజమాని చేత్తో తిరిగింది. ఊరి మొత్తం తగ్గింది. యజమాని దయచేసి కారణం చెప్పగలరు."

ఊళ్లో పనులు ఆగాయి. తలలు మిట్ట వైపు తిరిగాయి. హంపమ్మ, కొమ్ముకు మాట అందించే మాటకడ్డీ ముందు నిలబడింది. ఒక్క మాటతో తమ్ముణ్ణి విస్తరి ముందు నుంచి లేపిన నోరు, ఇప్పుడు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నేను హంపమ్మను మాట్లాడేది. ఇన్నాళ్లూ నా మర పక్కకు తిరిగింది నా వల్ల గాదు. యంత్రం తిప్పింది. నాకు తెలియను గూడా తెలియదు. ఈ పొద్దు తిప్పింది మాత్రం నేనే." గాలి ఆమె మాటల్ని ఊరి మీద పరిచింది. "ఆ దినం విస్తళ్ల కాడ ఎర్రిస్వామిని నేను అనకూడని మాట అన్నా. వానికి నా ఎంగిలిగాలి పెట్టను. అదే కారణం."

అని అరుగు మీద కూలబడింది. మేదిని లోపలికి పోయి కుండలోంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ముసలామె సగం గ్లాసు తాగి పక్కన పెట్టింది. ఆమె కళ్లు వాలులోని దారి మీదే ఉన్నాయి.

చెవిపూసలో పొందిక నెమ్మదిగా అడిగింది. "ఆమె చెప్పిన కారణం నా దగ్గరున్న కారణాల్లో లేదు. వాతావరణం అని రాసుకోనా?"

"రాసుకో," అంది మేదిని.

గాలివేళ ఇంకా ఉంది కానీ పిండిమర శబ్దం మళ్లీ మొదలు కాలేదు. యంత్రం తిప్పిందన్న నిజం చెప్పకుండా ఉంటే బాగుండేదేమోనని మేదినికి ఒకసారి అనిపించింది. అక్కే తిప్పిందన్న నమ్మకం మీదే కదా అతను బయలుదేరబోయాడు. నిజం తెలిశాక ఆ డబ్బా మూట విప్పేసి, పొయ్యి దగ్గర పెట్టేసి కూర్చుంటే?

దారి మలుపులో తెల్లచొక్కా కనబడింది.

ఎర్రిస్వామి మెల్లగా ఎక్కి వచ్చాడు. చంకలో డబ్బా ఉంది. అరుగు దాకా వచ్చి నిలబడ్డాడు. అక్క వైపు కాకుండా మర వైపు చూశాడు, ఆ తర్వాత ఆమె చేతుల వైపు. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"విన్యావా?" అంది హంపమ్మ.

"ఊరంతా విన్యాది."

"ముందు తిప్పింది నేను గాదురా."

"అదీ విన్యాలే." డబ్బాను అరుగు మీద పెట్టాడు. "చక్రం కొక్కెం తీసెయ్. ఊరికి నష్టం."

"తీస్తే మళ్లా ఎదురు తిరుగుతాది. నీకు మళ్లా నా..." మిగతా మాట ఆమె నోట రాలేదు.

ఎర్రిస్వామి ఆమె పక్కన కూర్చున్నాడు. మిట్ట ఎక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. ఇద్దరి మధ్యనున్న మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగరా, అది ఎంగిలి. నీకు ఇంగో గ్లాసు తెస్తా."

అప్పటికే అతను తాగేశాడు. మీసాలు తుడుచుకుని ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"ఉప్పు తక్కువయింది అక్కా."